పన్నెండు దాటితే నాటకానికి మైకు లేదు

జాతర్లు, తిరునాళ్ళు దగ్గర పడుతున్నాయంటే గ్రామాల్లో కమిటీ పెద్దలకు రెండు చింతలు. ఒకటి చందాలు, రెండోది మైకు పర్మిషను. చందాల సంగతి ఎలాగో గట్టెక్కుతుంది. మైకు దగ్గరే ప్రతి ఏడూ పోలీసులకూ కుర్రకారుకూ పేచీ. ఏటా పెట్టుకుంటున్నదే కదా, ఈ ఏడే ఎందుకు ఆపాలని ఊరివారి వాదన. పండుగలకు రూల్సు సడలిస్తారన్న మాట కూడా ఆ నోటా ఈ నోటా వినపడుతూనే ఉంటుంది. సడలింపు ఉన్నమాట నిజమే. అది ఎన్ని గంటలు, ఎన్ని రోజులు, ఎవరి చేతిలో ఉంది అన్నదే చాలామందికి తెలియదు.

కేంద్ర ప్రభుత్వం 2000లో శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పగలైనా సరే, లౌడు స్పీకరు పెట్టాలంటే రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. రాత్రి 10 గంటల నుంచి తెల్లవారి 6 గంటల వరకు అసలు పెట్టరాదు. తలుపులు మూసిన కల్యాణ మండపాలు, కమ్యూనిటీ హాళ్ళ లోపలి వరకు వాడుకోవచ్చు. తుఫాను, వరద వంటి ఆపద సమయాల్లోనూ అడ్డు లేదు. తీర గ్రామాల్లో అర్ధరాత్రి మైకులో హెచ్చరిక చేస్తే అది నేరం కాదు.

2002లో ఈ నిబంధనలకు ఒక సవరణ వచ్చింది. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు రాత్రి 10 నుంచి 12 వరకు, అంటే రెండు గంటలపాటు, మైకును అనుమతించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి దఖలు పడింది. అయితే అన్ని పండుగలూ కలిపి ఏడాదికి 15 రోజులు మించకూడదు.

ఇక్కడే లెక్క కుదరదు. వినాయక చవితికి తొమ్మిది రాత్రులు, దసరాకు తొమ్మిది రాత్రులు వేసుకుంటే ఆ రెంటికే పద్దెనిమిది అయిపోతాయి. సంక్రాంతి, శివరాత్రి, శ్రీరామనవమి, మిలాదున్నబీ, క్రిస్మసు వీటికి రోజులెక్కడి నుంచి తేవాలి? ఇక గ్రామదేవత జాతర రాష్ట్రమంతటా ఒకే రోజున జరగదు. ఒక ఊళ్ళో మాఘంలో, పక్క ఊళ్ళో వైశాఖంలో జరుగుతుంది. హైదరాబాదులోనో అమరావతిలోనో తయారయ్యే జాబితాలో ఆ తేదీ ఉంటుందని ఆశించడం అత్యాశే.

ఈ సవరణ చెల్లదని కొందరు సుప్రీంకోర్టు వరకు వెళ్ళారు. అక్కడే విచారణలో ఉన్న మరో కేసు పూర్వాపరాలు వింటే, మైకుల గొడవను చిన్న విషయమని ఎవరూ కొట్టిపారేయలేరు. 1998 జనవరిలో పత్రికల్లో వచ్చిన ఒక వార్తే ఆ కేసుకు మూలం. అత్యాచారానికి గురైన 13 ఏళ్ళ బాలిక సాయం కోసం వేసిన కేకలు ఇరుగుపొరుగున మోగుతున్న మైకు హోరులో ఎవరికీ వినపడలేదు. ఆ పిల్ల తర్వాత నిప్పంటించుకుని చనిపోయింది.

సుప్రీంకోర్టు 2005 జూలై 18న శబ్ద కాలుష్యంపై విస్తృతమైన తీర్పు చెప్పింది. అదే ఏడు అక్టోబరు 28న సడలింపు సంగతి తేల్చింది. పదిహేను రోజుల సడలింపు చెల్లుతుందని అంటూనే కట్టుబాట్లు విధించింది. రోజులు పెంచరాదు, రెండు గంటలు దాటరాదు. ఏయే రోజులన్నది ముందే ప్రకటించాలి. నిశ్శబ్ద మండలాలకు సడలింపు వర్తించదు. రాష్ట్రమంతా ఒకే యూనిట్టని, జిల్లాకొక తేదీ కుదరదని కూడా అప్పుడు స్పష్టం చేసింది. తర్వాత 2010లో నిబంధనలను మళ్ళీ సవరించారు. రాష్ట్ర ప్రభుత్వం అధికారమిస్తే జిల్లా అధికారి తన పరిధిలో ఆ రోజులను ముందుగా ప్రకటించవచ్చు. గ్రామ జాతరలకు ఆశ ఏదైనా ఉంటే ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. అందుచేత పండుగ ముందురోజు ఠాణా గుమ్మంలో నిలబడడం కన్నా, నెలల ముందే కలెక్టరు కచేరీలో అర్జీ పెట్టుకోవడం మేలు. గుళ్ళో పెద్దలు, సర్పంచి, నాటక సమాజం వారు ఎవరికి వారు వేర్వేరుగా తిరిగేకంటే అందరూ కలిసి ఒకే కాగితం ఇస్తే పని సులువు.

మరో సంగతి. సడలింపు గంటలకే గాని మోతకు కాదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు పరిమితి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటేనే సుమారు 60 ఉంటుంది! మైకు పెట్టిన బహిరంగ స్థలం హద్దు దగ్గర ఈ పరిమితికి పైన పది డెసిబెల్సు దాటకూడదు. పది పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు మోతగా వినిపిస్తుంది. ఇళ్ళ గోడలదిరే డి.జె. పెట్టెలు ఏ లెక్కలోకి వస్తాయో వేరే చెప్పనక్కరలేదు. పచ్చి బాలింతలు, గుండెజబ్బు ముసలివారు, మార్చి పరీక్షలకు చదివే పిల్లలు ఆ రాత్రులు ఎలా గడుపుతున్నారో ఎవరింట వారికే తెలుసు.

అయితే ఈ గంటల కత్తెర ఎక్కువగా తెగ్గోస్తున్నది డి.జె.ను కాదు, పాత కళలను. డి.జె. రెండు గంటల్లో తన పని ముగిస్తుంది. పద్య నాటకం, తోలుబొమ్మలాట తెల్లవార్లూ నడిచే ఆటలు. హరిశ్చంద్రలో కాటిసీను రావాలంటే మూడో జాము దాటాలి. శివరాత్రి జాగారానిదీ ఇదే ఇబ్బంది. లింగోద్భవ కాలం నడిరేయి. సరిగ్గా ఆ వేళకే సడలింపు ముగుస్తుంది. మైకు లేకుండా పాడుకుందామన్నా కుదరదు. 2010 సవరణతో రాత్రివేళ వాయిద్యాలు కూడా నిషేధంలోకి వచ్చాయి. అక్షరాలా చూస్తే హార్మనీ, డప్పు కూడా అందులో పడతాయి.

ఇక మిగిలిన దారి తెర ముందుగా లేపడమే. ఏడు గంటలకు మొదలైతే పది వరకు మామూలు అనుమతి మీద ఆట సాగుతుంది. సడలింపు దొరికితే ఇంకో రెండు గంటలు. పొలం నుంచి వచ్చి, పశువులకు మేత వేసి, రెండు మెతుకులు తిని జనం పందిట్లోకి చేరేది ఎనిమిదిన్నరకు గదా అని నటులు అంటారు. అది నిజమే. ఆ అయిదు గంటల్లోనే నాటకం కాటిసీను దాటాలంటే రాగాలాపన తగ్గాలి, హాస్యపు సీన్లు తెగాలి, వన్స్‌మోర్‌లు మానాలి. ఈ చివరిది మాత్రం నటుల చేతిలో లేదు.