వేడి బావులు – సిమెంటు ఆయుష్షు



కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతమంతా గ్రానైటు రాతినేల అని మనందరికీ తెలిసిందే. ఎల్లారెడ్డిలో మా ఇంటి బోరు వేసిన ఏడు, వానలు పడగానే నీళ్లు ఎర్రగా వచ్చినయి. మెత్తమట్టి ఉన్నంత వరకు పైపు దింపి, రాయి తగలగానే ఆపారు. పైపుకూ మట్టికీ నడుమ సందును ఎవరూ పూడ్చలేదు. అడిగితే బోరుబండి మనిషి "కేసింగ్ దింపినం గదా, ఇంకేం గావాలె?" అన్నాడు. ఆ సందులోంచే వాననీరు బురదతో సహా లోపలికి దిగింది. ఆ నెలంతా అమ్మ నీళ్లు వడబోసి, కాచి పోసింది. పైపు ఎంత మంచిదైనా చుట్టూ పూడిక లేకపోతే బావి పాడేనని నాకప్పుడు తెలిసింది.

మనది చల్లని నీళ్ల బావి. భూగర్భంలోని వేడిని పైకి తెచ్చే బావి సంగతేమిటి? అటువంటి చోటు మన రాష్ట్రంలోనే ఉన్నది. మణుగూరు దగ్గరి పగిడేరులో బోరుబావుల నుండి వేడినీళ్లు వాటంతట అవే ఉబికి వస్తాయి. అక్కడ సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం నెలకొల్పింది. ఆ నీరు మరిగేంత వేడి కాదు గనుక, తక్కువ వేడికే ఆవిరయ్యే మరొక ద్రవాన్ని దానితో కాచి టర్బైను తిప్పే పద్ధతి ఎన్నుకున్నారు. ఇతర దేశాలలో 200 డిగ్రీలు దాటిన బావులు ఎన్నో ఉన్నవి. చిక్కంతా అక్కడే.

సిమెంటు నీటితో కలిసినప్పుడు కాల్షియం సిలికేటు జిగురు ఏర్పడుతుంది. గట్టిదనమంతా దానిదే. సుమారు 110 డిగ్రీలు దాటితే ఆ జిగురు వేరే స్ఫటికాలుగా మారి కుంచించుకుపోతుంది. రంధ్రాలు పెరుగుతాయి, బలం తగ్గుతుంది, నీరు చొరబడుతుంది. దీనికి విరుగుడు మెత్తని ఇసుకపిండి, అనగా సిలికా. సిమెంటు బరువులో 35 నుండి 40 శాతం కలిపితే, అధికంగా ఉన్న సున్నం దానితో కలిసి టోబర్‌మొరైట్ అనే గట్టి స్ఫటికమవుతుంది. అది వేడిని ఓర్చుకుంటుంది.

అంతటితో అయిపోలేదు. 1000 మీటర్ల ఇనుప గొట్టాన్ని 150 డిగ్రీలు వేడెక్కిస్తే, అడ్డు లేకుంటే, సుమారు 1.8 మీటర్లు సాగుతుంది. దాన్ని సాగనీయకుండా పట్టి ఉంచేది చుట్టూ ఉన్న సిమెంటే. బావిని మూసి తెరిచినప్పుడల్లా ఆ పట్టు మీద లాగుడు పడి పగుళ్లు వస్తాయి. పైగా భూగర్భజలంలోని బొగ్గుపులుసు వాయువు ఆమ్లమై సిమెంటును తినేస్తుంది. సిలికా కలిపిన సిమెంటులో విడి సున్నం తక్కువ గనుక ఈ దాడికి త్వరగా లోనవుతుంది. అంటే ఒక జబ్బు మందు మరో జబ్బుకు దారి తీసినట్లయింది! అందుకే అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలవారు కాల్షియం అల్యూమినేటు, ఫాస్ఫేటులతో వేరే సిమెంటు తయారుచేశారు. 1997లో ఇండోనేషియాలోని సుమత్రా బావులలో దాన్ని వాడారు.

సున్నానికి సిలికా తోడుచేయడం మనకు కొత్త కాదు. పాతకాలపు మేస్త్రీలు సున్నంలో కాల్చిన ఇటుకల పొడి, అంటే సుర్కీ, కలిపేవారు. అందులోని సిలికా సున్నాన్ని నీటిలో కూడా గట్టిపరుస్తుంది. ఎల్లారెడ్డికి దగ్గరలో 1922లో పూర్తయిన పోచారం ఆనకట్ట సిమెంటు మన పల్లెలకు రాని రోజుల నాటిది. 2025 ఆగస్టులో అంత వరద మీదుగా పోయినా కట్ట నిలిచింది. అయితే దానికి ఎదురైంది చల్లని నీరు. వేడి బావిలోని సిమెంటుకు వేడి, ఆమ్లం, లాగుడు మూడూ ఒక్కసారే ఎదురవుతాయి. పైగా అది కంటికి కనబడదు, చెడిపోతే తీసి మళ్లీ వేయడమూ సులువు కాదు. కాబట్టి మొదటిసారే సరిగ్గా పోయవలె.

మొన్న మా పొలంలో రెండో బోరు వేయించినప్పుడు నాయన ముందుగానే రెండు బస్తాల సిమెంటు తెచ్చి పెట్టిండు. సందు పూడేదాకా బండిని కదలనియ్యలేదు.