పాత పికప్‌ను పట్టు బండిగా మార్చుకున్నాం



మాది నాందేడ్ జిల్లా, బిలోలి తాలూకా. మంజీర దాటితే అవతల తెలంగాణ, బోధన్. 1956 దాకా నాందేడ్ వాళ్లం, నిజామాబాద్ వాళ్లం అందరం ఒకే హైదరాబాద్ రాష్ట్రం. అందుకే మా ఇంట్లో తెలుగు, బజారుకు పోతే మరాఠీ. మేము అంటే ఇద్దరు అన్నదమ్ములం, మా ఇంటి ఆడవాళ్లు, ఒక పాత డీజిల్ పికప్. ఈసారి ఆ బండి ముచ్చటే చెప్తాం.

మన గ్రూపులో అప్పుడప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు. "పాత పికప్ కొన్నాం, ఏమేం చేయించాలి?" అని. జవాబులు మస్తు వస్తాయి. కమాన్ పట్టీలు పెంచండి, పెద్ద లైట్లు పెట్టండి, లావు టైర్లు వేయండి అని. మేము కూడా మొదట అట్లనే అనుకున్నాం. తర్వాత ఒక బ్యాచ్ పోయింది. అప్పుడు తెలిసింది, పట్టు రైతు బండిని చూసే తీరే వేరే ఉండాలని.

*ఆ బ్యాచ్ ఎట్ల పోయింది*

బండి కొన్న మొదటి ఏడు. పురుగులు లేని రోజుల్లో ఖాళీగా ఎందుకు అని కిరాయికి తిప్పేవాళ్లం. పత్తి సీజన్‌లో పక్క ఊరి రైతుల పురుగుమందు డబ్బాలు తెచ్చి ఇచ్చాం. అందులో ఒక డబ్బా మూత వదులై కారింది. డాలాలో కింద పరిచింది ప్లైవుడ్ చెక్క. బకెట్లతో నీళ్లు కొట్టి కడిగాం. వాసన పోయింది, ఇంక ఏం కాదు అనుకున్నాం.

కొన్ని రోజులకు మా పురుగులు ఐదో దశకు వచ్చాయి. మల్బరీ కొమ్మలు కోసి అదే బండిలో తెచ్చి వేశాం. సాయంత్రానికి పురుగులు తలలు ఎత్తి అటూ ఇటూ ఊపడం, పచ్చటి నీరు కక్కడం, ఒళ్లు కురచబడి పడిపోవడం. ముందు పక్క చేను వాళ్లు మందు కొట్టారేమో, గాలికి వచ్చి మన ఆకు మీద పడిందేమో అనుకున్నాం. వాళ్లతో మాట మాట పెరిగే దాకా వచ్చింది. అప్పుడు మా వదినె అన్నది, "తమ్మీ, మూల మీది రెండు అరలు మంచిగనే ఉన్నయ్. వాటికి నేను నెత్తి మీద మోసుకొచ్చిన ఆకు వేసిన. బండిల తెచ్చిన ఆకు పడ్డ అరలే సచ్చినయ్, చూడుండ్రి" అని.

అదే తోట, అదే రోజు కోసిన ఆకు. తేడా బండి ఒక్కటే. చెక్క మందు తాగి కూర్చుంది, మేము దాని మీద ఆకు పరిచాం. తెల్లారి పక్క చేను వాళ్ల ఇంటికి పోయి తప్పు మాదే అని చెప్పి వచ్చాం. పురుగులు పోయిన బాధ కన్నా ఆ నడక బరువు అనిపించింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక మాట ఖాయం. బండి కూడా రేరింగ్ షెడ్డే, చక్రాలు ఉన్న షెడ్డు. షెడ్డులోకి ఏది రానివ్వమో బండిలోకి కూడా అది రావద్దు. బండికి చేసిన పనులన్నీ ఈ ఒక్క మాట పట్టుకునే చేశాం.

*1. ముందు నేల*

ప్లైవుడ్ మొత్తం పీకి పారేశాం. కింద రేకు చూస్తే సగం తుప్పు. తుప్పు పట్టిన చోట్ల కోసి, అంతే మందం కొత్త రేకు వేయించాం. సందులు లేకుండా అతుకులు పూర్తిగా మూయించాం. సందు ఎందుకు వద్దంటే, మార్కెట్‌కు పోయిన గూళ్లలోంచి ఊజీ ఈగ పురుగులు బయటికి వచ్చి ఇట్లాంటి సందుల్లోనే దాగి ప్యూపా అవుతాయి. అవి మన షెడ్డు దాకా బండిలోనే కూర్చుని వస్తాయి.

వెల్డింగ్ చేయించేటప్పుడు రెండు జాగ్రత్తలు. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి, లేకపోతే ఆల్టర్నేటర్ పాడయ్యే ప్రమాదం. డీజిల్ ట్యాంకు దగ్గర పని ఉంటే ట్యాంకు దింపి దూరం పెట్టాలి. తడి గోనెసంచి కప్పితే చాలు అనుకోవద్దు.

రంగు విషయం మన వాళ్లకే ప్రత్యేకం. షెడ్డుకు కొట్టే బ్లీచింగ్ ద్రావణం బండికి కూడా కొడతాం. 100 లీటర్ల నీళ్లకు 2 కిలోల బ్లీచింగ్ పౌడర్, 300 గ్రాముల ఆరిన సున్నం. రోగాలకు ఇది మంచిదే, కానీ ఇనుమును తింటుంది. మామూలు రంగు తొందరగా లేచిపోతుంది. అందుకే తుప్పు బాగా గీకి, ఎపాక్సీ ప్రైమర్ రెండు సార్లు వేసి, దాని మీద రంగు వేశాం. మందు కొట్టి అరగంట ఆగి మంచినీళ్లతో కడుగుతాం. నీళ్లు నిలవకుండా మూలల్లో చిన్న రంధ్రాలు ఉంచాం.

ఒక హెచ్చరిక. తుప్పు తీసే యాసిడ్ వాడిన చోట బ్లీచింగ్ తగలనివ్వద్దు. రెండూ కలిస్తే విషపు గాలి లేస్తుంది, మనిషికే ప్రమాదం. మేము యాసిడ్ ముట్టనే లేదు. ఇనుప బ్రష్, ఇసుక కాగితం, చేతుల కష్టం.

*2. కమాన్ పట్టీలు పెంచలేదు, తీసేశాం*

మాకు బండి అమ్మిన ఆయన ఇసుక కొట్టేవాడు. వెనుక కమాన్‌లో కంపెనీ ఇచ్చినవాటి మీద ఇంకొక పట్టీ వేయించి పెట్టాడు. బరువు వేస్తే బండి బాగుండేది. మన సరుకు చూస్తే ఆకు, గూళ్లు. చోటు ఎక్కువ తీసుకుంటాయి, బరువు తక్కువ. గట్టి కమాన్ మీద తక్కువ బరువు వేస్తే ప్రతి గుంతకు బండి ఎగిరి పడుతుంది. చాకీ పురుగులు ట్రేలో ఒక పక్కకు కుప్ప పడతాయి. గూళ్లలో ప్యూపా దెబ్బ తింటుంది. లోపల అది చస్తే రసం కారి గూడు మీద మరక వస్తుంది. కొనేవాడు ఆ మరక చూసే ధర దింపుతాడు.

అందుకని ఎక్కువ పట్టీ తీయించి, కంపెనీ లెక్క ప్రకారం పెట్టించాం. అరిగిన బుష్‌లు, షాకప్సర్లు మార్పించాం. ఈ పని బిలోలిలో మెకానిక్ దగ్గర చేయించాం. ఇంట్లో చిన్న పని చేసినా జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరవద్దు. గట్టి స్టాండులు పెట్టాలి, చక్రాలకు అడ్డం చెక్కలు వేయాలి. టైర్లలో గాలి తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసినంతే. ఎక్కువ కొడితే మళ్లీ ఎగురుడే.

*3. నీడ, గాలి, పొగ*

మరాఠ్వాడా ఎండలు చెప్పనక్కర లేదు. గూళ్లలో ప్యూపా బతికే ఉంటుంది, ఊపిరి తీస్తుంది, వేడి పుట్టిస్తుంది. గాలి ఆడకుంటే సంచి నడుమ ఆవిరి పట్టి తడి అవుతుంది. తడిసిన గూడు రీలింగ్‌లో దారం సరిగా విడవదు.

డాలా మీద విల్లులా వంచిన పైపులు నాలుగు బోల్టులతో పెట్టాం. వాటి మీద తెల్ల టార్పాలిన్, దాని పైన జానెడు ఎడంతో నీడ వల. ఆ నడుమ గాలి ఆడితే ఎండ వేడి లోపలికి తక్కువ దిగుతుంది. ముందు పక్క రెండు వైపులా కిటికీల్లాగా వదిలి నైలాన్ వల కుట్టాం, ఈగ రాకుండా.

మొదటిసారి పోయినప్పుడు వెనుక పరదా మొత్తం తెరిచి పెట్టాం, గాలి బాగా ఆడుతుందని. దిగి చూస్తే వెనుక సంచుల మీద నల్ల మసి. బండి నడుస్తుంటే వెనుక గాలి సుడి తిరిగి సైలెన్సర్ పొగను లోపలికి లాగుతుంది. పొగ పట్టు పురుగుకు శత్రువు. ఇప్పుడు వెనుక పరదా కింది సగం కట్టేసి, పై భాగం మాత్రం వదులుతాం. గాలి ముందు నుంచి వచ్చి పైనుంచి పోతుంది. సైలెన్సర్ అతుకుల దగ్గర లీకు ఉంటే అది కూడా బాగు చేయించండి.

*4. అరలు*

యాంగిల్ ఇనుముతో రెండు వరుసల అరలు చేయించాం, అన్నీ బోల్టులతో విప్పేవే. ఆకు తెచ్చే రోజు విప్పి గోడకు ఆనిస్తాం. చాకీ తెచ్చే రోజు ట్రేలు కదలకుండా ముందు అంచు పెట్టాం. గూళ్ల రోజు సంచులు ఒకదాని మీద ఒకటి పడకుండా అరల మీద పరుస్తాం. సంచులు పల్చటివి, నిండా కుక్కకుండా వదులుగా కడతాం. సంచుల నడుమ చిన్న డిజిటల్ థర్మామీటర్ తీగ వదిలి, గడియారం ముందు డ్రైవర్ దగ్గర పెట్టాం. 30 డిగ్రీలు దాటితే చెట్టు నీడన ఆపి, పరదాలు ఎత్తి గాలి పట్టిస్తాం. ఇది మా ఇంటి లెక్క.

*5. రాత్రి ప్రయాణానికి లైట్లు*

2018లో జాల్నాలో గూళ్ల మార్కెట్ మొదలయ్యేదాకా మా వైపు వాళ్లకు రామనగరమే దిక్కు. కర్ణాటక మొత్తం దాటి పోవాలి. ఇప్పుడు నాందేడ్, పర్భణీ మీదుగా జాల్నాకు ఒక రాత్రిలో పోతాం. కొందరు హైదరాబాద్ తిరుమలగిరి మార్కెట్‌కు పోతారు. ఎటు పోయినా చల్లని పూట ప్రయాణమే మేలు. అంటే రాత్రి తోవ. పాత బండి లైట్లు చూస్తే దీపం బుడ్డిలాగా.

చాలా మంది 100 వాట్ల బల్బు వేస్తారు. పాత తీగలు అంత కరెంటు మోయలేవు, హోల్డర్ కరుగుతుంది, ఎదురు వచ్చేవాళ్ల కళ్లు పోతాయి. మేము బల్బులు 60/55 వాట్లవే ఉంచాం. బ్యాటరీ నుంచి లావు తీగ, ఫ్యూజు, రెండు రిలేలు వేయించాం. పాత స్విచ్ రిలేను కదిలిస్తుంది అంతే, బల్బుకు కరెంటు నేరుగా వస్తుంది. అద్దాలు మసక పోయేలా రుద్దాం, ఎర్త్ తీగల తుప్పు గీకాం. అదే బల్బు, వెలుగు మాత్రం ఎంతో తేడా.

*మేము ముట్టనివి*

బ్రేకులు, స్టీరింగ్ ఇంట్లో ముట్టలేదు. అవి మెకానిక్ పని. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్పించండి.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో రాసినదానికి, కంపెనీ చేసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఓపెన్ బాడీని మూసిన పెట్టె బాడీ చేయడం, ఛాసిస్ పొడిగించడం, ఇంజిన్ మార్చడం లాంటివి ఆర్‌టీఓ ఆఫీసులో అడగకుండా మొదలుపెట్టవద్దు. మా పైపులు, అరలు అన్నీ విప్పేసేవి కాబట్టి ఫిట్‌నెస్‌కు పోయేటప్పుడు విప్పేసి పోతాం. మీరు కూడా ముందు అడిగి చేయండి.

*ఇప్పుడు మా ఇంటి పద్ధతి*

పురుగుమందు, ఎరువు, పొగాకు మా బండి ఎక్కవు. అన్న కొడుకు పెళ్లి చుట్టరికం మనిషి అడిగినా సరే, "వేరే బండి మాట్లాడి ఇస్తాం, డీజిల్ డబ్బులు మేమే పెడతాం" అంటాం. కిరాయి తగ్గింది, నిజమే. మార్కెట్ నుంచి వచ్చిన బండి, ఖాళీ సంచులు మందు కొట్టి కడగకుండా షెడ్డు దగ్గరికి రావు. చాకీ తెచ్చే ముందు రోజు మళ్లీ కడుగుడే. కడిగాక డాలాలో కొంచెం ఆకు ఒక పూట పరిచి, దాన్ని నాలుగు పురుగులకు వేరే ట్రేలో వేసి చూస్తాం. తెల్లారి అవి మంచిగా తింటుంటేనే బండికి ఆకు ఎక్కుతుంది. ఈ పరీక్ష వదినె పెట్టింది, ఆమె సరే అంటేనే తాళం చెవి దొరుకుతుంది.

మొత్తం ఖర్చు ఆ రోజు మేము పోగొట్టుకున్న బ్యాచ్ డబ్బులో సగం కూడా కాలేదు. ముందే పెట్టి ఉంటే ఆ బ్యాచ్ మిగిలేది.

మీలో ఎవరికైనా పాత బండి ఉంటే ఈ వారం ఒక్క పని చేయండి. డాలాలో పరిచింది ఎత్తి కింద ఏముందో చూడండి. ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, అందరం కలిసి చూద్దాం. మీ దగ్గర ఇంతకన్నా మంచి ఉపాయం ఉంటే మాకూ చెప్పండి.

మీ పంటలు బాగా రావాలి, బండ్లు క్షేమంగా ఇంటికి రావాలి.

ఇట్లు,
సగరోళి పట్టు రైతులం