నాట్లప్పుడా కళోత్సవాలు?

విద్యానగర్ చుట్టుపక్కల హాళ్లకు కొదవలేదు. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ వున్నాయి. కళోత్సవం తలపెట్టిన మిత్రులు హాలు ఖాళీ చూసి తేదీ వేస్తారు. ఆ రోజు వూళ్లో వరినాట్లుంటే? డప్పు కొట్టేదీ, కోలాటం వేసేదీ మా కూలీలే గదా! రెండ్రోజులు పట్నమొస్తే రెండ్రోజుల కూలి పోయినట్టే. శాలువా కప్పితే పొయ్యి వెలుగుతుందా?

1943లో పుట్టిన ప్రజానాట్యమండలి కళను పల్లెల్లోకి తీసుకెళ్లింది. నాజర్ బుర్రకథ, 1947లో వచ్చిన సుంకర, వాసిరెడ్డిల 'మాభూమి' నాటకం రైతుకూలీల మధ్యనే బతికాయి. ఇప్పుడు వాళ్లనే పట్నం రమ్మంటున్నాం, రానీయండి, మంచిదే.

అయితే ఖర్చుల పద్దులో మైకు, ఫ్లెక్సీలకంటే ముందు దళం కూలి, దారిఖర్చు రాయాలని మేమడుగుతున్నాం. కలుపులు తీరాక, కోతలకు ముందు తేదీ పెట్టండి. పల్లె దళాన్ని ముందు ఆడించి, ఉపన్యాసాలు తర్వాత పెట్టుకోండి. ముఖ్య అతిథి కోసం రాత్రి పదిదాకా కూర్చోబెడితే వాళ్ల ఆఖరి బస్సు వెళ్లిపోతుంది.