నిమ్మకాయ పిండే తులాదండం

మా అమ్మమ్మ నిమ్మకాయ పులిహోర కలిపే రోజున ఇల్లంతా ఘుమఘుమలాడేది. ఇరవై కాయలైనా సరే, ఆవిడ చేత్తోనే పిండేది. గింజలు వేళ్ళ సందుల్లో ఆగిపోయేవి, రసం గిన్నెలో పడేది. వయసు పైబడి వేళ్ళ కీళ్ళు వాచాక మాత్రం రెండు కాయలు పిండేసరికే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అది చూడలేక మామయ్య తిరునాళ్ళలో నిమ్మకాయలు పిండే పరికరం ఒకటి కొని తెచ్చాడు. అమ్మమ్మ నాలుగు రోజులు వాడింది. “ఇదెక్కడి గొడవరా! రసం గిన్నెలో కంటే నా మొహం మీదే ఎక్కువ పడుతోంది. చెయ్యి నొప్పి తగ్గిందీ లేదు” అని దాన్ని అటక ఎక్కించేసింది.

తప్పు ఎవరిది? పరికరానిదా, అమ్మమ్మదా? ఇద్దరిదీ కాదు. చిన్న వస్తువే అయినా దాని వెనుక ఒక సూత్రం ఉంది. అది తెలియకపోవడమే అసలు చిక్కు. అదేమిటో చూద్దాం.

కాయ లోపల ఏముంది?

నిమ్మకాయను అడ్డంగా కోసి చూడండి. బండి చక్రంలో ఆకుల్లాగా తొనలు కనిపిస్తాయి. ఒక్కొక్క తొనలో రసం నిండిన సన్నని తిత్తులు కిక్కిరిసి ఉంటాయి. ఇవి నిజానికి తొన లోపలి గోడ నుంచి పెరిగిన నూగు వెంట్రుకలే! రసంతో ఉబ్బి తిత్తులుగా మారాయన్నమాట. మనం తాగే నిమ్మరసమంతా ఈ వెంట్రుకల్లో దాగినదే.

తొనలు తొడిమ నుంచి కొస వరకు నిలువుగా సాగి ఉంటాయి. అందుకే కాయను నిలువుగా కోస్తే కొన్ని తొనలే తెగుతాయి. అడ్డంగా కోస్తే అన్నీ తెగి, రసం బయటికి రావడానికి అన్నిటికీ దారి దొరుకుతుంది. కోసేముందు కాయను బల్ల మీద పెట్టి, అరచేత్తో అదిమి నాలుగుసార్లు దొర్లించండి. లోపలి తిత్తులు కొన్ని అప్పుడే చిట్లుతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన కాయ గట్టిగా ఉంటుంది కనుక, కాసేపు బయట ఉంచి పిండితే సులువు.

అడకత్తెర చుట్టం

మీ ఇంట్లో అడకత్తెర ఉందా? పోకచెక్కను నోటితో కొరకాలంటే పళ్ళు కదులుతాయి. అడకత్తెరలో పెట్టి నొక్కితే టక్కున తెగుతుంది. నిమ్మకాయ పిండే పరికరం దానికి దగ్గరి చుట్టమే. రెండింటికీ ఒక చివర కీలు, మరో చివర మన చెయ్యి, మధ్యలో కాయ.

బలాన్ని పెంచే ఇలాంటి సాధనాన్ని తులాదండం లేదా లీవరు అంటారు. కీలు దాని ఆధారం. చెయ్యి పెట్టేది బలం. కాయ ఎదురు తిరిగేది భారం. ఆధారానికీ బలానికీ మధ్య భారం ఉంటే అది రెండో తరగతి తులాదండం. ఒంటి చక్రపు తోపుడుబండి కూడా ఈ తరగతిదే.

ఇప్పుడు చిన్న లెక్క. కీలు నుంచి కాయ మధ్యకు 4 సెంటీమీటర్లు, కీలు నుంచి మీ పిడికిలికి 16 సెంటీమీటర్లు అనుకోండి. 16ను 4తో భాగిస్తే 4. దీన్నే యాంత్రిక లాభం అంటారు. మీరు 5 కిలోల బరువుకు సమానమైన బలంతో నొక్కితే, కాయ మీద 20 కిలోల బరువుకు సమానమైన బలం పడుతుంది. కీలు దగ్గరి రాపిడి వల్ల కొంత పోతుందనుకోండి.

అదే పిడిని మధ్యలో, 8 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే? లాభం 2కు పడిపోతుంది. అదే రసం కోసం చెయ్యి రెట్టింపు కష్టపడాలి. అమ్మమ్మ చేసిన పొరపాట్లలో ఇది మొదటిది. పరికరం జారిపోతుందేమోనని కాయకు దగ్గరగా పట్టుకునేది.

మరి ఈ లాభం ఊరికే వచ్చిందా? ప్రకృతి ఎవరికీ ఉచితంగా ఏదీ ఇవ్వదు. కాయ 1 సెంటీమీటరు అణగాలంటే మీ చెయ్యి 4 సెంటీమీటర్లు కదలాలి. బలంలో మిగిలింది దూరంలో ఖర్చయింది!

బోర్లించాలా, వెల్లకిలా పెట్టాలా?

అడుగున చిల్లులున్న గుంట, దానిలోకి దిగే బొడిపె ఉన్న పరికరాన్ని గమనించండి. సగం కాయ ఆకారమూ గుంట ఆకారమూ ఒకటే. అందుకే కాయ గుండ్రటి వైపు కిందికి, కోసిన ముఖం పైకి పెట్టాలని ఎవరికైనా తోస్తుంది. అమ్మమ్మా అలాగే పెట్టింది. అప్పుడేమవుతుంది? తొక్క చిల్లులను మూసేస్తుంది. రసం కిందికి దారి లేక పక్కల నుంచి చిమ్ముతుంది. మొహాన పడింది అదే.

కాయను బోర్లించాలి. కోసిన ముఖం చిల్లుల వైపు, తొక్క పైవైపు. బొడిపె తొక్క మీద నొక్కితే, సగం కాయ చొక్కా తిరగేసినట్టు తిరగబడుతుంది. రసం తిన్నగా చిల్లుల్లోంచి కిందికి దిగుతుంది. గింజలు పైనే ఆగిపోతాయి.

ఇలాంటి పరికరాల కోసం చాలామంది బుర్ర పెట్టారు. 1896 డిసెంబరు 8న అమెరికాలోని న్యూయార్క్ నగరానికి చెందిన జాన్ టి. వైట్ తను మెరుగుపరచిన నిమ్మకాయ పిండే సాధనానికి పేటెంటు పొందాడు. ఆయన నల్లజాతివాడు.

గట్టిగా పిండితే మేలా?

చివరి చుక్క కోసం పంతం పట్టకండి. తొక్కలో నూనె గ్రంథులు ఉంటాయి. గట్టిగా నలిపితే ఆ నూనె రసంలో కలిసి ఘాటెక్కుతుంది. తొక్క కింది తెల్లని పొర, నలిగిన గింజలు చేదునిస్తాయి.

బత్తాయిలో ఒక వింత చూడవచ్చు. అప్పుడే తీసిన రసం తియ్యగా ఉంటుంది. కాసేపు ఉంచితే చేదెక్కుతుంది. పొరల్లో చేదు లేని ఒక పదార్థం ఉంటుంది. పిండినప్పుడు అది పుల్లటి రసంలో కలిసి, మెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. అందుకే బత్తాయి రసం వెంటనే తాగాలి. పైగా బత్తాయి ఈ పరికరంలో పట్టదు. దానికి గాడులున్న శంఖువు ఆకారపు సాధనం మేలు. సగం కాయను దానిమీద బోర్లించి తిప్పాలి. తెల్లపొర కనబడగానే ఆపాలి.

కొనేటప్పుడు

గూడూరు, తెనాలి మార్కెట్ల నుంచి వచ్చే మన నిమ్మకాయ చిన్నది, తొక్క పలుచనిది. విదేశాల్లో దొరికే పెద్ద నిమ్మకాయకు తగిన గుంటలో అది అటూ ఇటూ జారిపోతుంది. కాబట్టి కొట్టుకు వెళ్ళేటప్పుడు సంచిలో ఒక నిమ్మకాయ వేసుకు వెళ్ళండి. గుంటలో పెట్టి చూడండి. పిడి పొడవుగా, మీ పిడికిలికి సరిపోయేలా ఉండాలి. కీలు దగ్గర మేకు వదులుగా ఊగకూడదు. నొక్కినప్పుడు పిడి వంగితే మీ బలం దాన్ని వంచడానికే ఖర్చవుతుంది.

లోహం సంగతి మరవకండి. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. అల్యూమినియం మీద ఉండే పలుచని ఆక్సైడు పొరను అది మెల్లగా కరిగిస్తుంది. పిండిన వెంటనే కడిగితే భయం లేదు కానీ, రసంతో అలాగే వదిలేయకూడదు. రంగుపూత పెచ్చులూడితే ఆ పరికరాన్ని మానుకోండి. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పులుపు ఉంచరాదని పెద్దలు చెప్పేదీ ఇందుకే. వాటి లోహం పులుపులో కరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది ఏర్పరచే పొర నిమ్మ పులుపుకు బాగా తట్టుకుంటుంది.

మరో జాగ్రత్త. నిమ్మరసం అంటిన చేతులతో ఎండలోకి వెళ్ళవద్దు. నిమ్మలోని కొన్ని పదార్థాలు సూర్యకాంతి తగిలితే చర్మాన్ని కమిలిస్తాయి, మచ్చలు పడతాయి. సబ్బుతో కడుక్కున్నాకే బయటికి వెళ్ళండి.

మీరే చేసి చూడండి

ఒకే పరిమాణంలో ఉన్న నాలుగు నిమ్మకాయలు తీసుకోండి. ఒక్కొక్కదాన్ని అడ్డంగా రెండు సమాన చెక్కలు చేయండి. ఒక చెక్కను చేత్తో, రెండోదాన్ని పరికరంతో పిండండి. మందు సీసాతో వచ్చే కొలత మూతతో రసం కొలిచి పట్టిక రాయండి. రెండు చెక్కలూ ఒకే కాయవి కనుక ఈ పోలిక న్యాయమైనది. తరువాత పిడిని చివర, మధ్యలో పట్టుకుని పిండి తేడా గమనించండి. రసాన్ని పారబోయకండి, షర్బతు చేసుకోండి!

ఇంతకీ అమ్మమ్మ పరికరం అటక దిగింది. కాయను బోర్లించి, పిడిని చివర పట్టుకోమని చూపించాను. ఆవిడ ఒకటి పిండింది, మరొకటి పిండింది. పది కాయలయ్యాక తలెత్తి, “ఒరేయ్, బియ్యం కడగమను” అంది. వాచిన వేళ్ళ కీళ్ళు చేయలేని పనిని ఒక చిన్న కీలు చేసిపెట్టింది. మీ ఇంట్లో కూడా అటక మీద ఇలాంటి వస్తువేదైనా ఉందేమో, ఒకసారి దించి చూడండి.