పెద్ద హోటల్లో అతిథిగా



హోటల్ అనే మాట మనకు కొత్తది కాదు. సత్యవేడులో గానీ, నగరిలో గానీ, సూళ్లూరుపేటలో గానీ హోటల్ అంటే ఇడ్లీ, దోసె, కాఫీ దొరికే చోటు. రాత్రికి పడక కావాలంటే లాడ్జి. మాంసం కూర కావాలంటే మిలిటరీ హోటల్. చెన్నైలో వీటన్నిటికీ భిన్నమైన హోటళ్లు కొన్ని ఉన్నాయి. అక్కడ గుమ్మం దగ్గర తలపాగా కట్టిన మనిషి తలుపు తెరిచి నమస్కారం పెడతాడు. లోపల చల్లదనం, మల్లెపూల వాసన. మనవాళ్లలో చాలామంది అక్కడే ఒక్క నిమిషం ఆగిపోతారు. లోపలికి పోవచ్చా, చెప్పులు ఎక్కడ విడవాలి, ఎవరేమంటారో అనే సంకోచం.

ఒకప్పుడైతే ఆ గుమ్మంతో మనకు పనే లేదు. ఇప్పుడలా కాదు. బంధువుల రిసెప్షన్ అక్కడే పెడుతున్నారు. శ్రీసిటీ కంపెనీల్లో పనిచేసే పిల్లలను మీటింగులకు అక్కడికే పిలుస్తున్నారు. వెళ్లక తప్పనప్పుడు అక్కడి పద్ధతి తెలుసుకుని వెళ్లడం మేలు కదా!

నేనుండే చూలై నుంచి కన్నెమారా హోటల్ నాలుగైదు కిలోమీటర్ల దూరం. చూలై అంటే తమిళంలో ఇటుకలు, కుండలు కాల్చే బట్టీ. కుమ్మరుల పనివల్ల వచ్చిన పేరు. కన్నెమారా పేరు మాత్రం గవర్నరు దొరగారిది. 1854లో ఇంపీరియల్ హోటల్‌గా మొదలై, 1886లో ఆల్బనీగా మారి, 1890 ప్రాంతంలో అప్పటి మద్రాసు గవర్నరు లార్డ్ కన్నెమారా పేరు పెట్టుకుంది. 1970లలో శ్రీలంక వాస్తుశిల్పి జెఫ్రీ బావా దానికి కొత్త రూపు దిద్దాడు. తరువాత మరమ్మతులకని మూసి, 2018లో మళ్లీ తెరిచారు. దొరల కాలంలో పుట్టిన చోటు కాబట్టి ఆ బెరుకు మన రక్తంలో కాస్త మిగిలి ఉండవచ్చు. కానీ ఈనాడు అక్కడ దొర ఎవరూ లేరు. డబ్బు చెల్లించే ప్రతి మనిషీ అతిథే.

బట్టల సంగతి ముందు చెప్పాలి. పంచె కట్టుకుని వెళ్లవచ్చా అని నన్ను చాలామంది అడుగుతారు. 2014లో చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బు, పంచె కట్టుకుని వచ్చిన హైకోర్టు న్యాయమూర్తినే లోపలికి రానివ్వలేదు. పెద్ద గొడవ జరిగింది. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం చట్టం చేసింది. పంచె గానీ, మరే భారతీయ సంప్రదాయ దుస్తులు గానీ వేసుకున్నవారిని క్లబ్బులూ, సంఘాలూ, కంపెనీలూ బహిరంగ ప్రదేశాల్లోకి రానివ్వకుండా నిబంధన పెట్టరాదు. కాబట్టి ఉతికిన పంచె, చొక్కా చాలు. అప్పు చేసి సూటు కుట్టించుకోనక్కర లేదు.

గది తీసుకునేవారు గుర్తుంచుకోవలసింది కాలం లెక్క. మన లాడ్జీల్లో చాలాచోట్ల దిగిన గంట నుంచి ఇరవైనాలుగు గంటలు. పెద్ద హోటళ్లలో సాధారణంగా మధ్యాహ్నం 2 గంటలకు గది ఇచ్చి, మరునాడు 12 గంటలకు ఖాళీ చేయమంటారు. మీరు రాత్రి పది గంటలకు దిగినా అంతే. గుర్తింపు కార్డు అడుగుతారు, కొంత డిపాజిట్ పట్టుకుంటారు. ఇది మీమీద అనుమానంతో కాదు, అందరికీ ఉన్నదే.

ఇక భోజనం. 1989లో అడయార్ పార్క్ షెరటన్ హోటల్లో దక్షిణ్ అనే భోజనశాల వచ్చింది. అంతకుముందు పెద్ద హోటల్ భోజనమంటే ఎక్కువగా ఇంగ్లీషు వంటలో, ఉత్తరాది వంటలో. దక్షిణ్ వారు నాలుగు దక్షిణ రాష్ట్రాల వంటలనూ, మన ఆంధ్రా వంటలతో సహా, వెండి పళ్లెంలో అరిటాకు పరిచి వడ్డించారు. తరువాత క్రౌన్ ప్లాజాగా పేరు మార్చుకున్న ఆ హోటల్‌ను 2023 డిసెంబరులో మూసేశారు. ఆ కట్టడం పోయినా, గోంగూరకూ పులుసుకూ అంత మర్యాద దక్కిందన్న మాట మిగిలింది.

గిండీలో 2012లో తెరిచిన ఐటీసీ గ్రాండ్ చోళాలో ఆవర్తన అని మరొకటి ఉంది. అక్కడ ఒకే పళ్లెంలో అన్నీ పెట్టరు. ఏడు మొదలు పదమూడు వరసలుగా, కొంచెం కొంచెం, ఒకటి తిన్నాక ఒకటి తెస్తారు. అందులో టమాటా చారు ప్రసిద్ధి. నీళ్లంత తేటగా తీసిన చారును కాఫీ ప్రెస్‌లో కొత్తిమీరతో నానబెట్టి గాజు గ్లాసులోకి వంచుతారు. మా ఇంటి చారు ఇంతకంటే ఘాటని నేను అంటాను, ఒప్పుకోకపోతే మానండి. కానీ అంత రుచిని రంగు లేకుండా తేటపరచడం చెయ్యి తిరిగినవారి పని. ఆసియాలోని 50 మేటి భోజనశాలల పట్టికలోకి 2023లో ఎక్కింది.

చెంచాలు, ఫోర్కులు చూసి కంగారు పడకండి. బయటివైపు పెట్టినవి ముందు వాడడం వాటి వరస. చేత్తో తింటే తప్పు కాదు. ఏ వంటకమో తెలియకపోతే వడ్డించే అబ్బాయిని అడగండి. చెప్పడం అతని ఉద్యోగంలో భాగం. ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనో తమిళంలోనో అడగండి. చెన్నైలో తెలుగు తెలిసినవారికి కొదవ లేదు.

అసలు చిక్కు బిల్లు దగ్గర. మా చిన్నాన్న ఒక హోటల్లో, పేరు వద్దులెండి, బల్లమీద ఉన్న నీళ్ల సీసా మూత తీసి తాగాడు. బిల్లు చూసి, “నీళ్లకు కూడా లెక్కేనా నాయనా!” అన్నాడు. సీసా మీద ముద్రించిన ధరకంటే ఎక్కువే వేశారు. అది అన్యాయంగా తోచినా చట్టవిరుద్ధం కాదు. హోటళ్లు సీసా నీళ్లను ముద్రించిన ధరకంటే ఎక్కువకు అమ్మవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కనుక కూర్చోగానే “మామూలు నీళ్లు చాలు” అని చెప్పండి.

రెండవది పన్ను. మామూలు భోజనశాలలో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలోని భోజనశాలల్లో సాధారణంగా 18 శాతం. మెనూలో భోజనం 2,000 అని ఉంటే బిల్లు 2,360 అవుతుంది. దానిమీద పది శాతం సర్వీస్ ఛార్జి కూడా కలిపితే, పన్ను దానిమీద కూడా పడి 2,596 అవుతుంది. నలుగురు తింటే ఆ తేడాయే 944 రూపాయలు. ఈ సర్వీస్ ఛార్జి ప్రభుత్వ పన్ను కాదు. దాన్ని బిల్లులో తప్పనిసరిగా కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో ఆదేశించింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి. వినకపోతే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. వడ్డించిన అబ్బాయి చేతిలో మీ ఇష్టంగా ఏమైనా పెడితే అది వేరు సంగతి.

కారులో వెళ్లేవారికి ఇంకొక మాట. తాళం చెవి తీసుకుని వాళ్లే బండి నిలిపి, మీకు టోకెను ఇస్తారు. దానిమీద “బాధ్యత యజమానిదే” అని ఉంటుంది. 1998లో ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ దగ్గర అలా ఇచ్చిన మారుతీ జెన్ కారు దొంగతనమైంది. తమ అజాగ్రత్త వల్ల బండి పోయినప్పుడు ఆ వాక్యం చూపించి హోటల్ తప్పించుకోజాలదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి మళ్లీ మీ చేతికి వచ్చేదాకా టోకెను జేబులో భద్రంగా ఉంచండి. గది డిపాజిట్ కార్డుమీద పట్టుకుని ఉంటే అది తిరిగి జమ కావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. అంతవరకు రసీదు పారేయకండి.