వంకాయ లోపలి పురుగు: పెరటి తోటలో రసాయనాలు లేని సస్యరక్షణ

నారాయణఖేడ్ డివిజన్ పొలాలలో వానాకాలం వచ్చిందంటే పత్తి, కంది, పెసర, మినుము, సోయాచిక్కుడు కనిపిస్తాయి. కూరగాయలకు మాత్రం అనేక ఇళ్లలో పెరడే ఆధారం. నాలుగైదు వంగ మొక్కలు, రెండు సాళ్ల బెండ, ఒక చిక్కుడు పందిరి, గోడ మీదికి పాకిన ఆనప తీగ, కంచెకు అల్లుకొన్న కాకర, ఇదే ఆ తోట స్వరూపం. ఇంత చిన్న తోట కోసం ప్రత్యేకంగా పురుగుమందు కొనేవారు అరుదు. పత్తికి పిచికారీ చేయగా డబ్బా అడుగున మిగిలిన మందును వృథా ఎందుకని ఇంటికి తెచ్చి వంగ మొక్కలపై చల్లడం పల్లెలలో తరచుగా చూసే అలవాటు. పత్తిని ఎవరూ వండుకొని తినరు. వంకాయ మరునాడే కూర అవుతుంది. మోనోక్రోటోఫాస్ మందును కూరగాయ పంటలపై వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే ఉత్తర్వు ఇచ్చింది. పెరటిలో ఆ ఉత్తర్వును అమలు చేయవలసినవారు ఇంటివారే.

ఇంత ప్రమాదానికి ఒడిగట్టినా పురుగు చావదు. వంగకు ప్రధాన శత్రువైన కొమ్మ, కాయ తొలుచు పురుగు జీవితచక్రాన్ని గమనిస్తే దీనికి కారణం తెలుస్తుంది. తెల్లని రెక్కలపై గోధుమ, నలుపు రంగు మచ్చలు గల తల్లి పురుగు రాత్రివేళ లేత ఆకుల అడుగున, మొవ్వులపై, పూమొగ్గలపై గుడ్లను విడివిడిగా పెడుతుంది. మూడు నుండి ఆరు రోజులలో గుడ్డు నుండి వెలువడిన పిల్లపురుగు కొద్ది గంటలలోనే మొవ్వులోకో, కాయలోకో దూరి, తన విసర్జనతోనే ఆ రంధ్రాన్ని మూసివేసుకొంటుంది. ఆపై సుమారు రెండు వారాలు, చలికాలంలో ఇంకొంత ఎక్కువ కాలం, అది లోపలే తింటూ పెరుగుతుంది. పైపైన చల్లిన మందు కాయ తొక్కపైనే నిలుస్తుంది గాని లోపలి పురుగును చేరదు. పైగా ఈ పురుగు శరీరంలో గుడ్లు పెట్టి దానిని చంపే ట్రతాలా అనే చిన్న కందిరీగ జాతి పరాన్నజీవి మాత్రం ఆ మందుకు ముందుగా బలి అవుతుంది.

కావున పెరటి తోటలో ముఖ్యమైన ప్రశ్న, ఏ మందు కొట్టాలి అన్నది కాదు. ఈ పురుగు తన జీవితంలో ఎప్పుడు, ఎక్కడ మన చేతికి అందుతుంది అన్నదే. ఈ దృష్టి తెలంగాణకు కొత్తది కూడా కాదు. 1980ల చివరలో ఇక్కడి మెట్ట భూములలో ఆముదం వంటి పంటలను ఎర్ర గొంగళి పురుగు తీవ్రంగా నాశనం చేసేది. ఎదిగిన పురుగు ఒంటినిండా దట్టమైన వెంట్రుకలు ఉండటం వలన మందు దానిపై సరిగా పనిచేయదు. అయితే దాని కోశాలు నేలలో నిద్రాణంగా ఉండి, తొలకరి వాన గట్టిగా కురిసిన కొద్ది రోజులకే రెక్కల పురుగులై ఒక్కసారిగా బయటకు వస్తాయి, వెలుగుకు ఆకర్షితమవుతాయి. ఈ రెండు విషయాల ఆధారంగా శాస్త్రవేత్తలు, స్వచ్ఛంద సంస్థలు, రైతులు కలిసి ఊరంతా ఒకే రాత్రులలో పొలాల గట్లపై మంటలు వేయించారు. గుడ్లు పెట్టకముందే తల్లి పురుగులు మంటలలో పడ్డాయి. పురుగుమందులు లేని సస్యరక్షణ అని తరువాత పేరు పొందిన పద్ధతికి ఈ అనుభవమే పునాది అయింది.

నారాయణఖేడ్ రైతుకు ఇంకా దగ్గరి ఉదాహరణ కందిలో ఉంది. పూత, పిందె దశలో శనగపచ్చ పురుగు ఆశించినప్పుడు సాళ్ల మధ్య పట్టా పరచి, మొక్కలను మెల్లగా వంచి దులిపి, రాలిన పురుగులను ఏరివేయడం పొరుగున ఉన్న కలబురగి ప్రాంతంతో సహా కంది పండించే మండలాలలో పాటించిన పద్ధతి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దీనిని పరిశీలించి ప్రోత్సహించారు. ఎకరాల కందిలో సాధ్యమైనది పెరటి చిక్కుడు పందిరి కింద పాత చీర పరచి చేయడం కష్టమేమీ కాదు.

వంగ పురుగు విషయంలో మన చేతికి అందే ఘట్టాలు మూడు. మొదటిది మొవ్వు వాడే దశ. నీరు బాగానే ఉన్నా ఒక్క కొమ్మ చివర మాత్రం తలవాల్చి ఉంటే లోపల పురుగు ఉన్నట్లే. వాడిన చోటికి అంగుళం కింద కత్తిరించి, ఆ ముక్కలను సబ్బు నీటిలో ముంచాలి, లేదా గట్టిగా మూతి కట్టిన పాలిథిన్ సంచిలో ఎండలో ఉంచాలి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. కత్తిరించిన మొవ్వును మొక్క మొదట్లోనే పడవేస్తారు. పుచ్చు వంకాయను వంటింటి నుండి పెంటకుప్పపైకి విసురుతారు. లోపలి పురుగు తాపీగా బయటకు వచ్చి ఎండుటాకులలో, మట్టిలో కోశం కట్టుకొని, వారం పది రోజులలో రెక్కలతో తిరిగి అదే మొక్కకు వస్తుంది. అలా పారవేసిన కాయే తరువాతి తరానికి పురుడు పోసినట్లవుతుంది. పురుగు లోపల ఉండేది రెండు వారాలు గనుక వారానికొకసారి తప్పక తోట చూస్తే చాలు. ఒక వారం తప్పినా మరు వారం తప్పకూడదు.

రెండవ ఘట్టం రెక్కల పురుగు దశ. లింగాకర్షక బుట్టలోని ఎర మగ పురుగులను మాత్రమే ఆకర్షిస్తుంది. ఒక్క ఇంటివారు ఒక్క బుట్ట పెట్టుకొని, చుట్టుపక్కల పెరళ్లలో వంగ యథాతథంగా ఉంటే ప్రయోజనం స్వల్పం; పొరుగు తోటలో జతకట్టిన ఆడ పురుగు ఎగిరి వచ్చి గుడ్లు పెట్టగలదు. ఒక వాడలోని ఇళ్లన్నీ కలిసి బుట్టలు పెట్టి, ఎరను సమయానికి మార్చుకొంటే ఫలితం వేరుగా ఉంటుంది. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం 2000 తరువాతి ఏళ్లలో భారత్, బంగ్లాదేశ్, శ్రీలంకల రైతులతో చేసిన కృషిలో ప్రధానాంశాలు ఇవే: మొవ్వులు కత్తిరించడం, లింగాకర్షక బుట్టలు, పరాన్నజీవులు బతికేందుకు వీలుగా విషపు పిచికారీ మానివేయడం. ఈ రెక్కల పురుగు ఎక్కువ దూరం ఎగరలేదు. కొద్ది మొక్కలున్న పెరటిలో చుట్టూ మనిషి ఎత్తు నైలాన్ వల కట్టినా రాక తగ్గుతుంది.

ఇదే పురుగు దేశవ్యాప్త వివాదానికి కూడా కారణమైంది. దీనిని తట్టుకొనేలా రూపొందించిన బీటీ వంగపై హైదరాబాదుతో సహా ఏడు నగరాలలో బహిరంగ సంప్రదింపులు జరిపిన పిమ్మట, 2010 ఫిబ్రవరి 9న అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ దాని విడుదలను నిలిపివేశారు. ఆ చర్చలో పాల్గొన్న ఇరుపక్షాలకు వారి వాదనలు ఉన్నాయి. పెరటి తోట మాత్రం ఆ తీర్పు కోసం వేచి ఉండవలసిన పని లేదని నా అభిప్రాయం.

ఊరు కలిసి నడవడం ఎంత దూరం తీసుకువెళ్తుందో పునుకుల చూపింది. నాటి ఖమ్మం జిల్లా, నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ఈ గ్రామంలో పత్తి, మిరప సాగులో పురుగుమందుల అప్పులు, విషప్రభావం రైతులను కుంగదీశాయి. కొద్దిమందితో మొదలైన మార్పు క్రమంగా ఊరంతటికీ పాకి, 2004లో గ్రామ పంచాయతీ తమది పురుగుమందులు వాడని గ్రామమని ప్రకటించుకొంది. తరువాత గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతిని ఇతర జిల్లాలకు విస్తరించింది. పత్తిలో, మిరపలో నిలిచిన పద్ధతికి పెరటి వంగ అసాధ్యమేమీ కాదు.

తీగజాతి కూరగాయలలో పండు ఈగ కథ కూడా ఇటువంటిదే. పూవు రాలి పిందె ఏర్పడగానే ఈగ తొక్క కింద గుడ్లు పెడుతుంది. కాకర, బీర లోపల కుళ్లుతాయి. పిందె నిలిచిన వెంటనే కాగితపు సంచి తొడగడం అన్నింటికన్నా సులభం. కుళ్లిన కాయలను లోతుగా పాతిపెట్టాలి. ఎర బుట్ట కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మామిడి, జామ తోటల కోసం అమ్మే మిథైల్ యూజెనాల్ ఎర కాకర, బీర ఈగను ఆకర్షించదు. తీగజాతికి క్యూలూర్ అనే ఎర అడిగి తీసుకోవాలి. పేరు తెలియక డబ్బు పోగొట్టుకొనేవారు ఎందరో.

చిక్కుడుపై నల్ల పేనుబంకకు నీటిని ధారగా కొట్టడం, తీగ ఎక్కే చీమలను అరికట్టడం చాలావరకు సరిపోతాయి. పేనుబంక విసర్జించే తీపి ద్రవం కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. చీమలు తొలగితే అక్షింతల పురుగులు తమ పని చేస్తాయి. ఈ అక్షింతల పురుగు పిల్లదశ నల్లగా, నారింజ మచ్చలతో, బుల్లి మొసలి ఆకారంలో ఉంటుంది. తెలియక దానినే చీడపురుగని నలిపివేస్తుంటారు. పిల్లలకు ముందుగా దానిని చూపించాలి.

ఇక కషాయాల గురించి. వేప గింజల కషాయం శాస్త్రీయంగా నిలిచినది. రోహిణి, మృగశిర కార్తెలలో రాలిన వేప పండ్ల గింజలను నీడలో ఆరబెట్టి, లీటరు నీటికి 50 గ్రాముల గింజల పప్పు పొడిని రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం వేళ చల్లాలి. ఇందులోని అజాడిరాక్టిన్ ఎండలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది. ఇది పురుగును వెంటనే చంపదు. ఆకు తినకుండా, ఎదగకుండా చేస్తుంది. చిన్న పురుగులపైనే ప్రభావం ఎక్కువ, కాయలో దూరిన దానిపై లేనట్లే. పొగాకు కషాయాన్ని మాత్రం సహజమైనదనే నమ్మకంతో పెరటిలో వాడవద్దు. నికోటిన్ మనిషికి తీవ్రమైన విషం, చర్మం ద్వారా కూడా శరీరంలో ప్రవేశిస్తుంది.

కొన్నింటికి ఏ కషాయమూ పనికిరాదు. తెల్లదోమ ద్వారా సోకే బెండ పల్లాకు తెగులు, టమాటా ఆకుముడత తెగులు ఒకసారి మొక్కకు వచ్చాక నయం కావు. అటువంటి మొక్కను పీకివేసి, పసుపు రంగు జిగురు అట్టలతో మిగిలిన వాటిని కాపాడుకోవాలి.

వంగ పురుగు మూడవ ఘట్టం పంట ముగిశాక వస్తుంది. కాపు అయిపోయిన మొక్కలను పీకి, పొయ్యిలోకి పనికివస్తాయని ఇంటి పక్కనే కుప్ప వేయడం మన పల్లెలలో సాధారణం. ఆ కట్టెలలో, వాటికి అంటిన ఎండుటాకులలో దాగిన కోశాల నుండి వెలువడే పురుగులు పక్కనే పెరుగుతున్న కొత్త నారుపై వాలతాయి. కట్టెలను కొత్త నారు పోయకముందే కాల్చివేయాలి. నిల్వ చేయక తప్పనప్పుడు కొన్ని వారాల పాటు సన్నని వలతో గాని, పాలిథిన్ పట్టాతో గాని సందు లేకుండా కప్పి ఉంచాలి.