ఉప్పునీళ్ల ఊళ్లో స్నానం, సబ్బు, హీటరు

మీ ఇల్లు మైపాడు వైపో, కృష్ణపట్నం వైపో ఉంటే ఈ పాఠంలోని సంగతులు చాలావరకు మీకు అనుభవమే. బోరు నీటితో తలంటుకుంటే జుట్టు పీచులా తయారవుతుంది. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. పప్పు ఒక పట్టాన ఉడకదు. బకెట్లో పెట్టే హీటర్ రాడ్ కొన్ని నెలలకే తెల్లగా పెచ్చు కడుతుంది. వీటన్నిటికీ 'ఉప్పునీళ్లు' అని ఒకటే పేరు పెట్టి ఊరుకుంటాం. నిజానికి ఆ పేరు కింద రెండు వేర్వేరు దోషాలున్నాయి. ఒకదానికి పనికొచ్చే మందు రెండోదానికి పనిచేయదు.

ఉప్పదనం వేరు, కాఠిన్యత వేరు

నాలుకకు ఉప్పగా తగిలేది ముఖ్యంగా సోడియం క్లోరైడు, అంటే మనం వంటలో వేసుకునే ఉప్పే. తీరం దగ్గర ఇసుక నేలలో వాననీరు ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్ర మట్టానికి ఒక అడుగు పైన ఉంటే దాని కింద సుమారు 40 అడుగుల వరకు మంచినీరు ఉంటుందని స్థూలమైన లెక్క. మోటారుతో ఎక్కువగా తోడి పై మట్టాన్ని తగ్గిస్తే, కింది ఉప్పునీరు అంతకు ఎన్నో రెట్లు పైకి వస్తుంది. అందువల్ల ఇలాంటి ఇసుక నేలల్లో 'ఇంకా లోతుకు వేస్తే తియ్యటి నీళ్లు పడతాయి' అన్న మాట నమ్మి డబ్బు పెట్టే ముందు బాగా ఆలోచించాలి.

కాఠిన్యతకు కారణం కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఇవి సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారతాయి. బకెట్ అంచున, జుట్టు మీద జిగటగా మిగిలేది ఆ తెట్టే.

ఇంట్లోనే పరీక్ష చేయండి. ఒకే రకం చిన్న సీసాలు రెండు తీసుకుని, ఒకదానిలో వాననీరు, రెండోదానిలో బోరు నీరు సగం వరకు పోయండి. రెండింటిలోనూ గోరంత సబ్బు తురుము వేసి బాగా కుదపండి. బోరు నీటిలో నురగ రాకుండా పెరుగు విరిగినట్లు తెల్లని తునకలు కనిపిస్తే అది కఠిన జలం. ఇప్పుడు కొంత బోరు నీటిని పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, పైన తేరిన నీటితో మళ్లీ చేయండి. నురగ మెరుగైతే తాత్కాలిక కాఠిన్యత ఉన్నట్టు. తేడా లేకపోతే శాశ్వత కాఠిన్యత. మరిగిస్తే ఉప్పదనం మాత్రం పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకాస్త పెరుగుతుంది. పటిక మట్టిని పేర్చుతుంది తప్ప ఉప్పును తీయదు.

అమ్మేవారు చూపే టీడీఎస్ మీటరు కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒకే అంకెగా చెబుతుంది. అందులో ఉప్పెంతో, కాల్షియం ఎంతో, క్రిములున్నాయో లేదో చెప్పదు. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి ఆధారం లేనప్పుడు 2000 వరకు అనుమతి. మొత్తం కాఠిన్యతకు ఈ హద్దులు 200, 600. సాఫ్ట్‌నర్ యంత్రం కాల్షియాన్ని తీసి దాని బదులు సోడియం ఇస్తుంది. కనుక నురగ వస్తుంది, ఉప్పదనం అలాగే ఉంటుంది. ఉప్పదనం పోవాలంటే ఆర్వో కావాలి. స్నానం నీటికి ఆర్వో పెట్టడం వృథా అని నా అభిప్రాయం.

తలకు, ఒంటికి

మన పెద్దలు కుంకుడుకాయ వాడటంలో మంచి రసాయన శాస్త్రం ఉంది. కుంకుడులోని సాపోనిన్లు కాల్షియంతో కలిసి సబ్బులా తెట్టు కట్టవు. షాంపూ కూడా అంతే. కాబట్టి తలకు ఒంటి సబ్బు వాడకండి. చివరి రెండు చెంబులు వాననీరో, పట్టి ఉంచిన మంచినీరో పోసుకుంటే చాలు, తేడా తెలుస్తుంది. ఒళ్లు గరుకుగా ఉంటే తుడుచుకున్న వెంటనే, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, కొబ్బరినూనె పలుచగా రాయండి. జుట్టు బాగా ఊడుతుంటే మాత్రం నీళ్ల మీద నెపం వేసి ఆగిపోకండి. రక్తహీనత, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు, డాక్టరుకు చూపించండి.

హీటర్ రాడ్: ఇక్కడ అశ్రద్ధ కూడదు

రాడ్ మీది తెల్లని పెచ్చు వేడిని నీటికి సరిగా పోనివ్వదు. లోపలి తీగ అతిగా వేడెక్కుతుంది, పై గొట్టం పగులుతుంది, ఆ పగులులోంచి కరెంటు నీటిలోకి వస్తుంది. ఉప్పునీరు మామూలు నీటికంటే కరెంటును బాగా ప్రవహింపజేస్తుంది, లోహాన్ని త్వరగా తింటుంది. కనుక మన దగ్గర ప్రమాదం ఎక్కువ.

శుభ్రం చేసే పద్ధతి ఇది. ప్లగ్గు తీసి, రాడ్ పూర్తిగా చల్లారనివ్వండి. ప్లాస్టిక్ పాత్రలో లీటరు నీటికి రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, చుట్టల భాగం మాత్రమే మునిగేలా గంటసేపు ఉంచండి. పైనున్న ప్లాస్టిక్ మూత తడవకూడదు. బుడగలు వస్తే పెచ్చు కరుగుతున్నట్టే. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కడిగి, ఆరబెట్టండి. కత్తితో గీకకండి. గుంటలు, పగుళ్లు కనిపిస్తే పారేయండి. అతికించి వాడే వస్తువు కాదది.

వాడేటప్పుడు ప్లాస్టిక్ బకెట్, మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. స్విచ్ ఆపడంతో సరిపెట్టకండి; ప్లగ్గు తీసి, రాడ్ బయట పెట్టాకే నీళ్లలో వేలు పెట్టాలి. పిల్లలున్న ఇంట్లో బకెట్‌ను గదిలో వదిలి వెళ్లకండి. ఎర్త్ తీగ ఉందని ధీమా పడకండి. ఎండిన ఇసుకలో ఎర్త్ గుంత సరిగా పనిచేయదు, ఉప్పుగాలికి దాని బోల్టు తుప్పు పడుతుంది. ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్‌తో కొలిపించి, మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. దాని మీది టెస్ట్ బొత్తాన్ని నెలకోసారి నొక్కండి. నొక్కగానే కరెంటు పోకపోతే దాన్ని మార్చాలి.

అభ్యాసం

1. మీ ఇంటి బోరు నీటితోను, పొరుగింటి నీటితోను సబ్బు పరీక్ష చేసి ఫలితాలు రాయండి. రెండు బోర్ల లోతు ఎంతో కనుక్కోండి.

2. మీ ఇంటి ఎర్త్ గుంత ఎక్కడుంది? చివరిసారి అందులో నీళ్లెప్పుడు పోశారు?